బూజు విషాన్ని బూజే విరుస్తుందా?

విశాఖలో ఆగస్టు వచ్చిందంటే జాడీలో ఉప్పు నీరు కారుతుంది. అప్పడం మెత్తబడుతుంది, అగ్గిపుల్ల మూడోసారి గీస్తే గానీ వెలగదు. పైన వాన, పక్కన సముద్రం, గాలిలో తేమ చాలా రోజులు 75, 80 శాతం దగ్గరే తిరుగుతుంటుంది. ఇలాంటి రోజుల్లో రెండు కిలోల వేరుశనగ గుళ్లు తెచ్చి ప్లాస్టిక్ డబ్బాలో పోసి గట్టున పెట్టేస్తే, మూడో వారం మూత తీసేసరికి ముక్కుకు ఒక మాగిన వాసన తగులుతుంది.

గుప్పెడు గుళ్లు తెల్లటి పళ్లెంలో పోసి చూస్తే చాలావరకు బాగానే కనిపిస్తాయి. వాటి మధ్య ఒకటో రెండో ముడుచుకుపోయి, పొట్టు నల్లబడి ఉంటాయి. అలాంటి గింజను గోటితో రెండు బద్దలుగా విడదీస్తే లోపల మొలక దగ్గర పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. అది చాలాసార్లు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. దులిపేసి, మిగతావి దోరగా వేయించి చట్నీకి పడేయడం మన ఇళ్లల్లో మామూలే. వేయిస్తే బూజు చస్తుంది, ఆ మాట నిజమే. కానీ అది అప్పటికే గింజలోకి వదిలేసిన విషం ఓ పట్టాన చావదు. అఫ్లాటాక్సిన్ అనే ఆ విషం పూర్తిగా విచ్ఛిన్నం కావాలంటే 250 డిగ్రీల పైచిలుకు వేడి కావాలి. ఉడకబెట్టినా, మూకుడులో వేయించినా కొంత తగ్గుతుంది, కొంత మిగులుతుంది. ఎంత మిగిలిందో రంగు చెప్పదు, రుచి చెప్పదు. చేదు గింజ తగిలితే ఉమ్మేస్తాం సరే, చేదు లేని గింజలో విషం లేదని హామీ ఏమీ లేదు.

ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసింది 1960లో. ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దాణా దగ్గర తేలింది. ఆస్పర్జిల్లస్ నుంచి ‘అ’, ఫ్లేవస్ నుంచి ‘ఫ్లా’ తీసుకుని అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. మన దేశానికి ఇది తెలిసిన తీరు ఇంకా ఘోరం. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల్లోని బాంస్వారా, పంచమహల్ ప్రాంతాల గిరిజన పల్లెల్లో కామెర్లు, పొట్ట ఉబ్బడంతో వంద మందికి పైగా చనిపోయారు. ఊరకుక్కలకు కూడా అవే లక్షణాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వెళ్లి చూస్తే, కోత వేళ వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని తేలింది. ఆ ఇళ్లల్లో తినడానికి అది తప్ప వేరే గింజ లేదు. ఇక ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళితే వచ్చేది కాలేయ క్యాన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అఫ్లాటాక్సిన్లను మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన మొదటి వర్గంలో పెట్టింది.

మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ధాన్యాల్లో, పప్పుల్లో అఫ్లాటాక్సిన్లు కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే టన్ను సరుకులో 15 మిల్లీగ్రాములు, చిటికెడు కూడా కాదు. మరోపక్క బాగా బూజు పట్టిన ఒక్కో వేరుశనగ గింజలో కిలోకు 1,000 మిల్లీగ్రాముల లెక్కన విషం ఉన్న సందర్భాలు పరిశోధనల్లో నమోదయ్యాయి. అలాంటి గింజ అర గ్రాము తూగితే అందులో ఉన్నది అర మిల్లీగ్రాము విషం. ముప్పై కిలోలకు పైగా మంచి గుళ్లను ఈ హద్దు దాటించడానికి ఆ ఒక్క గింజ చాలు. బస్తాలో ఎక్కడో ఉన్న పది గింజలే మొత్తం బస్తా జాతకం రాస్తాయన్నమాట. బస్తాలోంచి గుప్పెడు తీసి పరీక్ష చేస్తే ఒకసారి పాస్, ఇంకోసారి ఫెయిల్ కావడానికి కారణం కూడా ఇదే.

వేడికి లొంగని విషాన్ని మరో శిలీంధ్రం తినేస్తుందా అన్నది అరవయ్యేళ్లుగా నడుస్తున్న వెతుకులాట. తినేవి ఉన్నాయి. అయితే ‘తినేసింది’, ‘తగ్గించింది’, ‘శుద్ధి చేసింది’ అని వార్తల్లో వచ్చే మాటల వెనక మూడు వేర్వేరు పనులున్నాయి. వాటిని ఒకే గాటన కట్టేయడం వల్లే గందరగోళమంతా.

మొదటిది కట్టేయడం. అనకాపల్లి, విజయనగరం వైపు కోళ్ల ఫారాల వాళ్లను అడిగితే ‘టాక్సిన్ బైండర్’ అంటారు. బంకమట్టి పొడి గానీ, ఈస్ట్ కణాల గోడల పొడి గానీ దాణాలో కలుపుతారు. విషం దానికి అతుక్కుని రెట్టతో పాటు బయటికి పోతుంది. ఇక్కడ విషం చెక్కుచెదరలేదు, చేతులు కట్టి పంపించారంతే. రెండోది మార్చడం: విషం అణువులో ఒక మూల చిన్న మార్పు జరిగి అది వేరే పదార్థం అవుతుంది. మూడోది విరగ్గొట్టడం, అంటే హాని చేసే భాగాన్నే తెగ్గొట్టడం. తెలుగులో విషానికి మందును ‘విరుగుడు’ అంటాం, ఆ మాటలోనే విరగడం ఉంది. ఈ మూడింటిలో విరుగుడు అనదగ్గది చివరిదొక్కటే.

శుభ్రంగా విరిగే విషాలు లేకపోలేదు. ఒక్రాటాక్సిన్ ఎ అలాంటిదే. ఇది కిడ్నీలను దెబ్బతీస్తుంది. కాఫీ, మిరియాలు, ఎండుద్రాక్ష లాంటి వాటిలో కనిపిస్తుంది. అందుకే పాడేరు, అరకు ఏజెన్సీలో కాఫీ పళ్లు ఆరబెట్టేవాళ్లకు దీనితో నేరుగా పని ఉంది. నవంబరు, డిసెంబరుల్లో కోత, అప్పుడే తుపాను ముసురు, పొద్దున్నే మంచు. నేల మీద మందంగా పోసి తిరగేయకుండా వదిలేసిన పళ్లల్లో ఈ విషం తయారుచేసే బూజులకు ఆడింది ఆట. దీని అణువులో రెండు ముక్కలుంటాయి, ఒకటి అసలు భాగం, రెండోది ఫినైల్ అలనిన్ అనే మామూలు అమైనో ఆమ్లం. రెండింటినీ కలిపే బంధాన్ని తెంపేస్తే మిగిలే ముక్కకు విషగుణం చాలా తక్కువ. ఆ బంధాన్ని తెంపే ఎంజైములు కొన్ని ఈస్టుల్లో, కొన్ని ఆస్పర్జిల్లస్ జాతుల్లో ఉన్నాయి. చెదపురుగు పేగులో దొరికిన ఒక ఈస్టు ఈ పని ఎంత బాగా చేసిందంటే, 2004లో దానికి ‘విషాలను మింగేది’ అనే అర్థం వచ్చేలా ట్రైకోస్పోరాన్ మైకోటాక్సినివొరాన్స్ అని పేరే పెట్టేశారు. మొక్కజొన్నలో వచ్చే జియరలెనోన్ అనే మరో విషాన్ని కూడా అది విరిచేస్తుంది. ఈ జియరలెనోన్ ఆడ హార్మోన్‌లా నటించి పందుల్లో గర్భధారణను పాడుచేస్తుంది. దాని వలయాన్ని తెరిచేసే ఎంజైము క్లోనోస్టాకిస్ రోజియా అనే నేల శిలీంధ్రంలోనూ దొరికింది. వలయం తెరుచుకుంటే ఆ నటన ఆగిపోతుంది.

అఫ్లాటాక్సిన్ దగ్గరికి వచ్చేసరికి కథ ఇంత తేలిగ్గా నడవదు. ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైన బి1 అణువు, ఐదు వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న గొలుసులా ఉంటుంది. ఒక చివర ఒక జంట బంధం ఉంది. కాలేయం ఈ విషాన్ని బయటికి పంపే ప్రయత్నంలో సరిగ్గా ఆ బంధం మీదే ఆక్సిజన్ తగిలిస్తుంది, అలా తయారైన ముక్క వెళ్లి డీఎన్ఏను పట్టుకుంటుంది. క్యాన్సర్‌కు బీజం పడేది అక్కడే. కాబట్టి బి1ను ‘తగ్గించామని’ ఎవరు చెప్పినా, ఏ చివర తెంపారన్నది మొదట అడగాలి.

ఈ గట్టి గొలుసును తెంపగల సత్తా తెల్ల కుళ్లు శిలీంధ్రాలకు ఉంది. అడవిలో పడిపోయిన చెట్టు మొద్దు మీద విసనకర్రల్లా, అరల్లా అంటుకుని పెరిగేవి ఇవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చుట్టుపక్కల కొండల మీద పడగొట్టిన చెట్లల్లో, అక్కడే వదిలేసిన మొద్దులను మట్టి చేసే పని ఇలాంటివాటిదే. చెక్కను గట్టిగా ఉంచే లిగ్నిన్ ప్రకృతిలో విరగడానికి అతి కష్టమైన పదార్థాల్లో ఒకటి. దాన్ని కరిగించడానికి ఈ శిలీంధ్రాలు లక్కేస్, మాంగనీస్ పెరాక్సిడేస్ అనే ఎంజైములను బయటికి వదులుతాయి. అవి ఒకే తాళానికి సరిపోయే తాళంచెవుల్లాంటివి కావు, దొరికిన దాన్నల్లా చీల్చే గొడ్డళ్లు. లిగ్నిన్‌ను చీల్చేవి అఫ్లాటాక్సిన్‌ను మాత్రం ఎందుకు వదులుతాయి?

వీటిలో మనకు బాగా తెలిసినది ఆయిస్టర్ పుట్టగొడుగు. ఇంట్లో పెంచేవాళ్లు వరిగడ్డిని చిన్న ముక్కలు కోసి, నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి, పిండితే చేతికి తడి తగలాలి గానీ నీరు కారకూడదన్నంత వరకు ఆరబెడతారు. పాలిథిన్ సంచిలో పొర గడ్డి, పొర విత్తనం వేసి మూతి కట్టి చీకటి గదిలో వేలాడదీస్తారు. రెండు మూడు వారాల్లో గడ్డి మొత్తం తెల్లటి దూది అల్లినట్టు అయిపోతుంది. ఆ దూదే గడ్డిలోని లిగ్నిన్‌ను తినేది. వేరుశనగను పాడుచేసే విశాఖ తేమే ఈ సంచికి ప్రాణం. ఆయిస్టర్ జాతి పుట్టగొడుగులు, వాటి ఎంజైములు ప్రయోగశాలలో అఫ్లాటాక్సిన్‌ను బాగా తగ్గిస్తాయని చాలా ప్రయోగాల్లో తేలింది. లక్కేస్ ఒంటరిగా నెమ్మదిగా పనిచేస్తుంది, పక్కన కొన్ని చిన్న సహాయక పదార్థాలు చేరిస్తే ఊపందుకుంటుంది.

‘ఏ చివర’ అన్న ప్రశ్నకు జవాబు దొరికేది 2011లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన ఒక పనిలో. ఫానెరోకీట్ సార్డిడా అనే తెల్ల కుళ్లు శిలీంధ్రం నుంచి తీసిన మాంగనీస్ పెరాక్సిడేస్‌ను బి1తో కలిపి 48 గంటలు ఉంచారు. ఆ ఎంజైము వెళ్లి పట్టుకున్నది ప్రమాదకరమైన చివరినే. కాలేయం చేసిన పనే ఇదీ చేసింది, ఆ జంట బంధానికి ఆక్సిజన్ తగిలించింది. తేడా ఏమిటంటే ఇక్కడ చుట్టూ ఉన్నది డీఎన్ఏ కాదు, నీళ్లు. ఆ చురుకైన ముక్క నీటితో కలిసి చల్లారిపోయింది. బి1 86 శాతం పోయింది. అక్కడితో ఆగకుండా వాళ్లు బ్యాక్టీరియా మీద మ్యుటేషన్ పరీక్ష, అంటే డీఎన్ఏ దెబ్బతింటోందా అని చూసే పరీక్ష కూడా చేశారు. మ్యుటేషన్లు కలిగించే గుణం తగ్గింది 69 శాతమే. 86కీ 69కీ మధ్య ఉన్న ఆ ఖాళీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, అసలు సంగతి అందులోనే ఉంది. విషం తగ్గిందనే అంకె వేరు, హాని తగ్గిందనే అంకె వేరు. మామూలు పరీక్షలు మొదటి అంకెనే చూపిస్తాయి, ఎందుకంటే అవి వెతికేది అసలు అణువును. వేషం మార్చుకున్న అణువు వాటి కంట పడదు.

ఈ వేషం మార్పుకు మంచి ఉదాహరణ ఇండోనేసియాలోని జావా దీవిలో దొరుకుతుంది. నూనె తీసిన వేరుశనగ చెక్కను పులియబెట్టి ‘ఒన్చొమ్’ అనే వంటకం చేస్తారు. నలుపు రకానికి రైజోపస్, ఎరుపు రకానికి న్యూరోస్పోరా అనే బూజులు వాడతారు. ములగాకుతో తెలగపిండి కూర వండుకునే ఉత్తరాంధ్రకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు, చెక్కను పారేయకుండా తినడం ఇక్కడా ఉన్నదే. కాకపోతే మన తెలగపిండి నువ్వులది, పైగా దాన్ని పులియబెట్టం. వేరుశనగ ఆడించినప్పుడు విషంలో ఎక్కువ భాగం నూనెలోకి కాక చెక్కలోనే ఉండిపోతుంది కాబట్టి, ఒన్చొమ్‌ను పరిశోధకులు 1960లలోనే పరీక్షకు పెట్టారు. పులిసే సమయంలో అఫ్లాటాక్సిన్ తగ్గింది కూడా. తీరా చూస్తే రైజోపస్ ముట్టుకున్నది గొలుసులో రెండో చివర. అక్కడి ఆక్సిజన్ గుంపును మార్చి అఫ్లాటాక్సికాల్ అనే పదార్థంగా చేసింది. ప్రమాదకరమైన చివర అలాగే ఉంది. పైగా ఈ మార్పు వెనక్కి తిరగగలదు, అఫ్లాటాక్సికాల్ మళ్లీ బి1 కాగలదు. కాగితం మీద తగ్గుదల, కడుపులో అనుమానం.

జావా నుంచే ఇంకో హెచ్చరిక ఉంది. కొబ్బరి చెక్కతో చేసే టెంపే బొంగ్‌క్రెక్‌లోకి వేరే బ్యాక్టీరియా దూరి బొంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే ప్రాణాంతక విషాన్ని తయారుచేయడంతో వందల మంది చనిపోయారు. 1988లో ఇండోనేసియా దాని తయారీనే నిషేధించింది. బూజు పట్టిన గింజలకు ఇంకేదో ‘మంచి బూజు’ పట్టించి ఇంట్లో శుద్ధి చేద్దామనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఇడ్లీ పిండి పులిస్తే విషం పోతుందనే నమ్మకం కూడా ఈ కోవలోదే. పులియబెట్టే బ్యాక్టీరియా కొంత విషాన్ని తమ కణాల గోడకు అంటించుకుంటాయి, అది మొదట చెప్పుకున్న కట్టేయడమే.

మంచి బూజు, చెడ్డ బూజు అనే విడదీత కూడా అంత గట్టిది కాదు. జపాన్‌లో సోయా సాస్, మిసో, సాకే తయారయ్యేది ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజుతో. అది ఫ్లేవస్‌కు స్వయానా తోబుట్టువు, జన్యువుల్లో రెండింటికీ తేడా చాలా స్వల్పం. శతాబ్దాలుగా మనుషుల వంటింట్లో పెరిగి ఒరైజే విషం చేయడం మానేసింది. ఒక్రాటాక్సిన్‌ను విరిచే ఆస్పర్జిల్లస్ నైగర్‌లోనే ఒక్రాటాక్సిన్‌ను తయారుచేసే రకాలున్నాయి. చెదపురుగు పేగులోని ఆ విషాలు మింగే ఈస్టు, ఊపిరితిత్తుల జబ్బున్న రోగుల్లో ఇన్ఫెక్షన్ కలిగించగలదని 2009లో బయటపడింది. అందుకే పరిశోధన ఇప్పుడు బతికున్న శిలీంధ్రాన్ని ఆహారంలో వేయడం కంటే, దాని ఎంజైమును విడిగా తయారుచేసి వాడటం వైపు మొగ్గుతోంది. పనివాణ్ణి ఇంట్లో పెట్టుకోకుండా గొడ్డలి మాత్రం అరువు తెచ్చుకోవడం లాంటిది.

నిజంగా లక్షల ఎకరాల్లో పనిచేస్తున్న శిలీంధ్రం మాత్రం విషాన్ని విరిచేది కాదు, విషాన్ని పుట్టనివ్వనిది. ఫ్లేవస్‌లోనే విషం చేసే జన్యువులు దెబ్బతిన్న రకాలున్నాయి. వాటిని ముందే పొలంలో చల్లితే అవి చోటంతా ఆక్రమించుకుంటాయి, విషం చేసేవాటికి జాగా దొరకదు. బస్సులో సీటు మీద రుమాలు వేయడమే ఇది. అమెరికాలో పత్తి, వేరుశనగ పొలాల్లో మొదలైన ఈ పద్ధతి ఆఫ్రికాలో ‘అఫ్లాసేఫ్’ పేరుతో విస్తరించింది. అక్కడ దాన్ని నడిపించినవాళ్లలో ముఖ్యులు రణజిత్ బందోపాధ్యాయ్, అంతకుముందు పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేశారు. మొలకెత్తకుండా వేయించిన జొన్నలకు ఈ మంచి ఫ్లేవస్ బీజాలు పట్టించి, పూతకు రెండు మూడు వారాల ముందు ఎకరాకు 4 కిలోల చొప్పున చల్లుతారు. అఫ్లాటాక్సిన్ 80 శాతానికి పైగా తగ్గుతోంది. విత్తనానికి ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని పట్టించడం అలవాటైన మన రైతులకు ఇది అర్థం కాని విద్యేమీ కాదు. ఈ పద్ధతిలో ‘ఏం మిగిలింది’ అన్న ప్రశ్నే రాకపోవడం దీని అసలు బలం.

విరిచే ఎంజైములు ముందుగా చేరింది మనిషి పళ్లెంలోకి కాదు, దాణాలోకి. దాణా శుద్ధి పద్ధతుల మీద యూరోపియన్ యూనియన్ 2015లో పెట్టిన నిబంధనల్లో ముఖ్యమైనది, మార్పు వెనక్కి తిరగనిదై ఉండాలన్నది. కొత్తగా పుట్టిన పదార్థం హాని చేయకూడదన్నది ఇంకొకటి. రైజోపస్ చేసిన వేషం మార్పు ఈ జల్లెడలో నిలవదు. మనుషుల ఆహారం విషయంలో అక్కడ ఇంకా కఠినం: హద్దు దాటిన సరుకును రసాయనాలతో శుద్ధి చేయడం కూడా కుదరదు.

దాణాతో మొదలుపెట్టడంలో మనకూ లాభముంది. ఏరి పక్కన పెట్టిన నల్ల గింజలు, బూజు చెక్క ‘పశువులకేగా’ అని తొట్టిలోకి వెళ్తాయి. ఆవు గానీ గేదె గానీ బి1 తింటే ఒక్క రోజులోనే అది పాలలో ఎం1 అనే మారు రూపంలో బయటపడుతుంది. తిన్నదాంట్లో నూటికి ఒకటి రెండు వంతులే అయినా, ఆ పాలు తాగేది చంటిపిల్లలు. మన దగ్గర పాలలో ఎం1కు హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు, యూరప్‌లో అందులో పదో వంతు. కాచినా ఎం1 పోదు. మంచి దాణా పెడితే మాత్రం నాలుగైదు రోజుల్లో పాలు తేటపడతాయి.

మళ్లీ విశాఖ వంటింట్లో ఆ పళ్లెం దగ్గరికి వస్తే, అక్కడ వేయదగ్గ ఎంజైము పొడి ఏదీ లేదు. ఉన్నవి కళ్లు, వేళ్లు, ఎండ. విషం కొన్ని గింజల్లోనే పోగుపడి ఉంటుంది కాబట్టి, ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలినవి ఏరేస్తే బస్తాలోని విషంలో పెద్ద వాటా అక్కడికక్కడే పోతుంది. ఏ శిలీంధ్రమూ ఇంత చవగ్గా ఆ పని చేయలేదు. గుళ్లలో తేమ 7, 8 శాతం దాటకపోతే ఫ్లేవస్ కదల్లేదు. ఆగస్టులో ఆ తేమ నిలవాలంటే రెండు కిలోలు కాకుండా అరకిలో కొనడం, ఎండ కాసిన రోజున డాబా మీద పలచగా పరిచి, చల్లారాక గాలి చొరని స్టీలు డబ్బాలో పోయడం. చేతిలోకి తీసుకుని ఊపితే ఆరిన గింజలు గలగలమంటాయి, తేమ తాగినవి ఒకదాన్నొకటి మెత్తగా తగులుతాయి. ఏరిన గుప్పెడు తొట్టిలోకీ కాదు, కాకులకు గోడ మీదకీ కాదు, చెత్తబుట్టలోకి.